పడవలో చిన్న పని ఉండదు

వారాల తరబడి నేల కనిపించదు. చుట్టూ నీళ్లే అయినా తాగే నీటికి లెక్క ఉంటుంది. తుపాను చుట్టుముట్టే రోజులు కొన్నే. మిగిలిన రోజులన్నీ వండటం, తుడవటం, తాళ్లు సరిచూడటం, కాపలా కాయటం. భూమిని చుట్టి వచ్చిన ‘తారిణి’ తోవలో, మహాసముద్రం మీద ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో చెప్పే కథనమిది.

2017 సెప్టెంబర్ 10. గోవాలోని ఐఎన్‌ఎస్ మాండోవి నుంచి ఒక తెరచాప పడవ కదిలింది. పేరు తారిణి. పొడవు 17 మీటర్లు. అందులో ఉన్నది ఆరుగురు నౌకాదళ అధికారిణులు. సారథి వర్తికా జోషి. ఆమెతో ప్రతిభా జమ్వాల్, పి.స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, ఎస్.విజయాదేవి, పాయల్ గుప్తా. స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాద్. 2018 మే 21న పడవ తిరిగి గోవా చేరింది. మధ్యలో 254 రోజులు. అందరూ మహిళలే ఉన్న భారతీయ బృందం తెరచాప పడవలో భూమిని చుట్టిరావడం అదే మొదటిసారి.

బయల్దేరిన రోజు ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. తిరిగొచ్చిన రోజు ఫొటోలూ వచ్చాయి. ఆ రెంటి నడుమ నెలల తరబడి సాగిన బతుకు గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు. అలాంటి పడవలో ఏం తింటారు? ఎప్పుడు పడుకుంటారు? బట్టలెలా ఉతుక్కుంటారు? రాత్రి ఎవరు మేలుకుంటారు? సాహసం అనగానే మనకు తుపానే గుర్తుకొస్తుంది. ఆ తుపానును తట్టుకునే శక్తి, తుపాను లేని రోజుల్లో చేసిన పనుల నుంచి వస్తుంది. వేళకు లేచి అందుకున్న కాపలా, చూసి బిగించిన మర, తోమి కట్టిపెట్టిన గిన్నె. మహాసముద్రం దాటించేవి ఇవే.

భూమి చుట్టుకొలత, సైకిల్ కన్నా తక్కువ వేగం

తారిణి తిరిగిన దూరం సుమారు 21,600 నాటికల్ మైళ్లు. ఈ అంకె వెనక ఒక లెక్క ఉంది. భూగోళం చుట్టూ 360 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 60 నిమిషాలు. ఒక నిమిషం కోణానికి భూమి మీద పట్టే దూరమే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. 360ని 60తో హెచ్చిస్తే 21,600. కిలోమీటర్లలో 40 వేలు. భూమి నడుముకు ఒక చుట్టు.

ఆ దూరాన్ని గాలి బలంతోనే దాటాలి. ఈ పరిమాణంలోని పడవ మంచి గాలిలో గంటకు ఆరేడు నాటికల్ మైళ్లు పోతుంది. రోజంతా ఆగకుండా సాగితే 150 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు హైదరాబాద్ నుంచి విజయవాడకు ఉన్న దూరం. బస్సులో ఐదారు గంటల దారికి ఇక్కడ ఒక పగలూ ఒక రాత్రీ పడతాయి. భూమధ్యరేఖ దగ్గర గాలి పడిపోతే అదీ ఉండదు. ఎండలో తెరచాపలు వేలాడుతుంటాయి. ఉన్నట్టుండి ఒక నల్లమబ్బు వచ్చి వానతో, ఈదురుగాలితో అరగంట ఊపేసి పోతుంది.

గోవా నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌కు తారిణికి ఆరు వారాలు పట్టింది. న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ నుంచి ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీకి దాదాపు 40 రోజులు. అన్నాళ్లు ఆరుగురు మనుషులు ఆ కాస్త చోటులోనే ఉండాలి. ఎవరైనా అలిగినా వెళ్లి కూర్చోవడానికి పక్కగది ఉండదు.

నాలుగు గంటల వంతు

పడవకు బ్రేకులు లేవు. నడిసముద్రంలో లోతు కిలోమీటర్లలో ఉంటుంది కాబట్టి లంగరు వేసి నిద్రపోయే వీలూ లేదు. రాత్రీ పగలూ ఎవరో ఒకరు డెక్ మీద మేలుకునే ఉండాలి. ఈ కాపలానే ‘వాచ్’ అంటారు. ఆరుగురున్న పడవలో ఇద్దరిద్దరు చొప్పున మూడు జట్లు కట్టుకోవడం రివాజు. ఒక్కో జట్టుకు నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం. ఆ ఎనిమిది గంటల్లోనే వంట, శుభ్రం, మరమ్మతులు, నిద్ర అన్నీ ఇమడాలి.

ఇందులో ఒక చిక్కుంది. మూడు జట్లు నాలుగేసి గంటల చొప్పున పంచుకుంటే రోజూ ఒకే జట్టుకు అర్ధరాత్రి వంతు పడుతుంది. అందుకని నావికులు ఎప్పటి నుంచో ఒక ఏర్పాటు చేసుకున్నారు. సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉండే వంతును రెండేసి గంటల చొప్పున రెండు ముక్కలు చేస్తారు. అప్పుడు రోజుకు ఆరు వంతులకు బదులు ఏడు వస్తాయి. ఏడును మూడు జట్లు పంచుకుంటే వేళలు రోజురోజుకూ మారుతూ పోతాయి. నిద్ర చెడే రాత్రులు అందరికీ సమానంగా వస్తాయి.

వంతు మారే వేళకు ఓ ఇరవై నిమిషాల ముందే తర్వాతి జట్టును లేపుతారు. వెలుతురులోంచి వచ్చిన కళ్లకు చీకటి అలవాటు పడటానికి అంత సమయం కావాలి. లోపల తెల్ల దీపం వేయరు, ఎర్ర దీపమే. ఎర్రటి వెలుతురు చీకటికి అలవాటైన చూపును అంతగా చెడగొట్టదు. లేచినవాళ్లు వాన కోటు, దానిపైన లైఫ్‌జాకెట్, హార్నెస్ తొడుక్కుంటారు. డెక్ పొడవునా బిగించిన పట్టీకి హార్నెస్ కొక్కెం తగిలించాకే బయట అడుగు పెడతారు. రాత్రిపూట నీళ్లలో పడిన మనిషి తల అలల మధ్య కొద్ది క్షణాల్లోనే కనుమరుగవుతుంది. వెనక్కి తిరిగి వెతకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు కొక్కెం విషయంలో రాజీ పడరు.

వాచ్‌లో ఉన్నవాళ్లు దిక్సూచి చూడాలి, గాలి మారితే తెరచాపలు సర్దాలి, దూరాన ఓడల దీపాలున్నాయేమో కనిపెట్టాలి. పెద్ద ఓడలు తమ ఉనికిని రేడియో సంకేతాలతో చెబుతూ ఉంటాయి, అవి తెర మీద కనిపిస్తాయి. తేలే దుంగలు, ఓడల నుంచి జారిపడ్డ కంటైనర్లు అలాంటి సంకేతాలేవీ పంపవు. వాటికి కళ్లే దిక్కు.

వాచ్ దిగినవాళ్లకు బెర్తు సిద్ధంగా ఉంటుంది. తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరిగే నడుస్తుంది కాబట్టి పడుకున్న మనిషి దొర్లి పడకుండా బెర్తుకు గుడ్డ అడ్డం కడతారు. పక్కనే, చెక్కకు అవతల, అలల మోత. మొదటి రెండు మూడు రోజులు చాలామందికి నిద్రకన్నా ముందు వాంతులు. లోచెవి ‘కదులుతున్నాం’ అంటుంది, గదిలో ఉన్న కళ్లు ‘కదలడం లేదు’ అంటాయి. ఆ తగువే సముద్రపు వికారం. బయటికొచ్చి దిగంతాన్ని చూస్తూ చుక్కాని పట్టుకుంటే కొంత నయం. అల్లం ముక్క కూడా పనిచేస్తుంది.

తాడు ఎక్కడ అరుగుతోంది?

తెల్లవారాక మొదటి పని పడవంతా తిరిగి చూడటం. రాత్రి డెక్ మీద పడిన ఎగిరే చేపల్ని తీసేసి, ముందు కొస నుంచి వెనక కొస దాకా తాళ్లు, కప్పీలు, మేకులు, కుట్లు పరిశీలిస్తారు. సముద్రం మీద ఏదీ ఊరికే ఉండదు. ప్రతి అలకూ తాడు ఓ వెంట్రుకవాసి జరిగి అదే చోట రాసుకుంటుంది. అలాంటివి రోజుకు వేలు. బొటనవేలంత మందమైన మోకు కూడా వారాల్లో తెగుతుంది. అందుకే ఒరిపిడి ఎప్పుడూ ఒకే చోట పడకుండా తాడును రోజూ కాస్త వదిలి, కాస్త లాగి కడతారు. తెరచాపలో వేలెడంత చిరుగు కనిపిస్తే అప్పుడే కుడతారు. రాత్రి గాలి పెరిగితే అది నిలువునా చీలుతుంది.

పడవ లోపలా అంతే శ్రద్ధ కావాలి. పడవ అడుగున చేరే నీటిని తోడే పంపు నోటికి రాలిన జుట్టు అడ్డుపడుతుంది. కాబట్టి నేల ఊడ్చి వెంట్రుకలు ఏరడం కూడా పడవను కాపాడే పనే. మరుగుదొడ్డి నీటి మట్టానికి కిందనో సమానంగానో ఉంటుంది. చేతి పంపుతో కొట్టి నీళ్లు వదలాలి, వాడిన ప్రతిసారీ గొట్టం మర మూయాలి. మూయడం మరిచిపోతే సముద్రపు నీరు వెనక్కి ఎక్కి పడవలోకి వస్తుంది. ఇక్కడ ఏ పని వదిలేసినా చివరికి ప్రాణాల మీదికే వస్తుంది. అందుకే ఇది పెద్ద పని, ఇది చిన్న పని అనే తేడా నావికులు పాటించరు.

ఊగే పొయ్యి

పడవలో పొయ్యి స్థిరంగా ఉండదు. రెండు వైపులా ఇరుసుల మీద ఉయ్యాలలా వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా పొయ్యి మట్టంగా ఉంటుంది. గిన్నెలు జారకుండా చుట్టూ బిగింపులు, వండే మనిషి పడిపోకుండా నడుముకు పట్టీ. గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పడవ అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి సిలిండర్‌ను కిందికి రంధ్రాలున్న వేరే అరలో పెడతారు, వంట కాగానే అక్కడే గ్యాస్ కట్టేస్తారు.

దూరయానం చేసేవాళ్లు ఏ దేశంవాళ్లైనా ప్రెషర్ కుక్కర్ అంటే ఇష్టపడతారు. మూత బిగుసుకుంటుంది కాబట్టి పడవ ఎంత ఊగినా ఒలకదు. గ్యాస్, నీళ్లు రెండూ ఆదా. పప్పు, బియ్యం, నాలుగు కూరముక్కలు ఒకేసారి పడేస్తే భోజనం సిద్ధం. అలలు పెద్దవైన రోజున కంచాలు తీయరు, లోతు గిన్నెల్లో పెట్టుకుని చెంచాతో తింటారు.

సరుకులు సర్దడం ఒక విద్య. ఉల్లి, బంగాళాదుంప వారాల తరబడి నిలుస్తాయి, కానీ రెంటినీ ఒకచోట ఉంచితే దుంపలు త్వరగా చెడతాయి. గుమ్మడి, క్యాబేజీ కూడా ఓపికైనవి. టమాటాలు పచ్చివి కొని ఒక్కోదాన్ని కాగితంలో చుడతారు. కడగని గుడ్లకు నూనె రాసి, రెండు మూడు రోజులకోసారి తిప్పుతూ ఉంటే ఫ్రిజ్ లేకున్నా వారాల పాటు బాగుంటాయి. ఆ తాజా సరుకు అయిపోయాక డబ్బాల్లోవి, ఎండబెట్టినవి, వేడినీళ్లు పోస్తే తినగలిగే పొట్లాలు. పచ్చదనం కోసం పెసలు తడిగుడ్డలో మొలకెత్తిస్తారు. ఒకప్పుడు దీర్ఘ సముద్రయానాల్లో చిగుళ్లు రక్తమోడి నావికులు కుప్పకూలేవారు. కారణం సి విటమిన్ లోపం. నారింజ, నిమ్మతో ఆ జబ్బు నయమవుతుందని 1747లో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ పరీక్షించి చూపించాడు. నేటికీ పడవ సంచిలో నిమ్మకాయలు ఉంటాయి.

చుట్టూ నీళ్లు, చెంబుకు లెక్క

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. తాగితే ఆ ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలు తాగిన దానికన్నా ఎక్కువ నీరు ఖర్చు చేస్తాయి, దాహం రెట్టింపవుతుంది. ఈ రోజుల్లో పడవల్లో ఉప్పు తీసే యంత్రాలుంటాయి. సముద్రపు నీటిని గొప్ప ఒత్తిడితో సన్నని పొర గుండా తోసి మంచినీరు చేస్తాయి. వాటికి కరెంటు కావాలి. కరెంటు సౌర ఫలకాల నుంచో, ఇంజిన్ నుంచో రావాలి. మబ్బు పట్టిన వారంలో యంత్రం మొరాయిస్తే ట్యాంకులో ఉన్నదే ఆధారం. కాబట్టి యంత్రం బాగా నడుస్తున్నప్పుడు కూడా నీళ్లు పొదుపుగానే వాడతారు.

గిన్నెలు సముద్రపు నీటితోనే తోమి, చివర ఓ గ్లాసు మంచినీళ్లతో తొలుస్తారు. స్నానమూ అంతే. మామూలు సబ్బుకు ఉప్పునీటిలో నురగ రాదు, కొన్ని ద్రవ సబ్బులకు వస్తుంది. బట్టలు ఉప్పునీటిలో ఉతికి వదిలేస్తే ఎన్నటికీ ఆరవు. గుడ్డలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే వాన కోసం చూస్తారు. తెరచాప అడుగున బకెట్లు కట్టి, మొదటి వాన ఉప్పును కడిగిపోయాక వచ్చే నీళ్లు పట్టుకుంటారు. 1968-69లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని తొలిసారి చుట్టిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ తన ట్యాంకుల నీరు చెడిపోయాక వాననీటి మీదే బతికాడు. ఆయన పడవ ‘సుహైలీ’ ముంబైలో టేకుతో కట్టినది. ఆ యాత్ర 312 రోజులు సాగింది.

మధ్యాహ్నం ఒక చుక్క

పడవలో గంటగంటకూ నింపే పుస్తకం ఉంటుంది. లాగ్ బుక్. ఎక్కడున్నాం, ఏ దిక్కుకు పోతున్నాం, వేగమెంత, గాలి ఎటు నుంచి, బారోమీటర్ ఎంత చూపుతోంది. ఒక్క అంకె చూస్తే ఏమీ తెలియదు. ఆరు గంటల అంకెలు వరుసగా చూస్తే గాలి పీడనం పడిపోతోందని, తుపాను దగ్గరవుతోందని తెలుస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు పటం మీద ఆనాటి చోటును చుక్కగా గుర్తిస్తారు. నిన్నటి చుక్కకూ ఇవాళ్టి చుక్కకూ మధ్య దూరమే ఆ రోజు సంపాదన. ఉపగ్రహాలు చోటు చెబుతున్న కాలంలోనూ సెక్స్‌టంట్ అనే పరికరంతో సూర్యుడి ఎత్తు కొలవడం నేర్చుకునే దూరయానానికి వెళతారు. యంత్రాలు తడిస్తే ఆగిపోతాయి, సూర్యుడు ఆగడు.

తూర్పుకు పోతుంటే గడియారం కూడా జరుగుతుంది. 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట ముందుకు. పసిఫిక్‌లో అంతర్జాతీయ దినరేఖ దాటగానే ఒక తేదీ రెండుసార్లు వస్తుంది. ఆ లెక్కన గోవాలో ఉన్నవాళ్లకన్నా తారిణిలో ఉన్నవాళ్లకు ఒక సూర్యోదయం ఎక్కువ దక్కింది.

ఆ యేడు తెలుగు పండగలన్నీ తారిణికి నీళ్ల మీదే వచ్చాయి. దసరా, దీపావళి హిందూ మహాసముద్రంలో. సంక్రాంతి పసిఫిక్‌లో, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గర పడుతుండగా. ఉగాది నాటికి కేప్‌టౌన్ విడిచి నాలుగు రోజులు.

నలభై డిగ్రీలకు కింద

దక్షిణ అక్షాంశం 40 డిగ్రీలు దాటితే లోకం మారిపోతుంది. భూమి చుట్టూ గాలికి అడ్డుపడే నేల దాదాపు లేదు. పడమటి గాలులు ఎడతెగక వీస్తాయి. అలలు వేల కిలోమీటర్లు సాగుతూ కొండలంత పెరుగుతాయి. లోపల గోడలకు నీటిచుక్కలు పడతాయి, స్లీపింగ్ బ్యాగ్ తడి, సాక్సులు తడి. తోడుగా వచ్చేవి ఆల్‌బట్రాస్ పక్షులు. రెక్కలు చాస్తే మూడు మీటర్లు దాటుతాయి. రెక్క ఆడించకుండా గంటల తరబడి పడవ వెంట తేలుతాయి.

లిటిల్టన్ నుంచి పోర్ట్ స్టాన్లీ దారిలో తారిణి గంటకు 100 కిలోమీటర్లు మించిన గాలులను ఎదుర్కొంది. అలాంటప్పుడు చేసేది ముందే తెలిసి ఉండాలి. గాలి పెరగకముందే తెరచాపను కొంత దించి మడిచి కడతారు. ఇంకా పెరిగితే ఇంకొంచెం. చివరికి చిన్న తుపాను చాప మాత్రమే మిగులుతుంది. వస్తువులన్నీ కట్టేస్తారు, ఫ్లాస్కుల్లో వేడినీళ్లు నింపుకుంటారు, నిద్ర వంతులు తప్పనివ్వరు. నిద్రలేని మనిషి చేసే తప్పు తుపానుకన్నా ప్రమాదకరం. 2018 జనవరి 19న తారిణి కేప్ హార్న్ దాటింది. అలాంటి మలుపు దాటినా పడవలో వంతులు ఆగవు, తాళ్లు సరిచూడటం ఆగదు.

కష్టం అక్కడితో అయిపోలేదు. కేప్‌టౌన్ నుంచి ఇంటిదారి పట్టాక చుక్కానిని తిప్పే యంత్రాంగం దెబ్బతింది. అనుకోకుండా మారిషస్‌లో ఆగి బాగు చేయించుకోవాల్సి వచ్చింది.

తారిణి సంగతులు

• గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్‌లో తయారైంది. 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరింది.
• ఒడిశా గంజాం జిల్లాలోని తారా తారిణి అమ్మవారి పేరు పెట్టారు.
• ఆగిన రేవులు: ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్, మారిషస్.
• దాటిన మూడు మహా అగ్రాలు (కేప్‌లు): లీవిన్, హార్న్, గుడ్ హోప్. భూమధ్యరేఖను దాటింది రెండుసార్లు.
• దీనికి అక్కలాంటి పడవ ‘మాదేయి’. దానిమీదే 2009-10లో దిలీప్ దోందే ఒంటరిగా భూమిని చుట్టిన తొలి భారతీయుడయ్యారు. 2012-13లో అభిలాష్ టోమీ ఎక్కడా ఆగకుండా చుట్టివచ్చారు.

ఆరుగురి పని ఇద్దరికి

2024 అక్టోబర్ 2న తారిణి మళ్లీ బయల్దేరింది. ఈసారి ఇద్దరే: లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూపా. 2025 మే 29న గోవా చేరారు. జనవరి చివర పసిఫిక్‌లోని పాయింట్ నీమో మీదుగా సాగారు. భూమి మీద నేలకు అన్నిటికన్నా దూరమైన చోటది, ఏ వైపు చూసినా తీరం 2,600 కిలోమీటర్లకు పైనే. అక్కడ ఉన్నవాళ్లకు ఒక్కోసారి అత్యంత దగ్గరి మనుషులు తలమీదుగా పోయే అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములే.

ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు పడుకుంటే రెండోవారు ఒంటరి. ఆరుగురు పంచుకున్న పనులన్నీ ఇద్దరికి. ఆ ఎనిమిది నెలలూ పడవను కదిలించింది ధైర్యమే కావచ్చు, నిలబెట్టింది మాత్రం రోజువారీ పనే.

మన పిల్లలకూ ఈ విద్య అందని దూరంలో లేదు. హుస్సేన్ సాగర్‌లో ఏళ్లుగా తెరచాప పడవల పోటీలు జరుగుతున్నాయి. విశాఖ తీరం ఉండనే ఉంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి పడవెక్కించాలి, గాలి తెరచాపను పట్టుకోవడం వాళ్ల చేతులకు తెలియాలి.

దాంతోపాటు నేర్పాల్సింది ఇంకొకటి ఉంది. దూరయానం చేసే పడవలో వంట, గిన్నెలు, మరుగుదొడ్డి శుభ్రం సారథితో సహా అందరి వంతు. తారిణి మొదటి బృందంలో నౌకా నిర్మాణ నిపుణులున్నారు, విమానాలకు దారి చూపే ట్రాఫిక్ కంట్రోలర్లున్నారు, విద్యాశాఖ అధికారులున్నారు. నడిసముద్రంలో ఆ హోదాలేవీ గిన్నె తోమిపెట్టవు. మన ఇళ్లలో ఈ పనులు ఇప్పటికీ ఒక్క మనిషి మీదే పడుతున్నాయి, వాటిని పని కింద లెక్కవేసేవాళ్లూ తక్కువే. ఆ ఒక్క మనిషి సాధారణంగా అమ్మే. భూమిని చుట్టివచ్చిన ఆడవాళ్లకు చప్పట్లు కొట్టిన చేతులతోనే ఒక కాగితం మీద ఇంట్లో అందరి పేర్లూ రాసి, వంతులు వేసి, వంటగది గోడకు అంటిద్దాం. ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.